విరిగిన క్రాంకుతో దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా

ఇంజిన్‌కి మంచి ఉక్కు వెతుక్కుంటూ పోవడం కూడా ఒక ప్రయాణమేనా అని నవ్వుకోకండి. మూడు నెలల క్రితం పెద్ద అంబర్‌పేట్ దగ్గర కిరాయికి తిప్పే నా కారు ఇంజిన్‌లోని ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్ రెండు ముక్కలైంది. బండి తోలేది సైదులు, మా నల్గొండ పక్క ఊరివాడే. ఆయిల్ చూసుకోకుండా తోలి విరగ్గొట్టాడని హయత్‌నగర్ స్టాండులో నలుగురు డ్రైవర్ల ముందు వాణ్ని కడిగేసి, అక్కడే తాళాలు లాక్కున్నాను. ఈసారి ఎవడు తోలినా విరగని క్రాంకు వేయించాలని మొన్న శనివారం బయల్దేరాను.

పొద్దున తొమ్మిదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో విరిగిన ముక్కలు గోనెసంచిలో వేసుకుని షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ఇరవై. "సంచి మనిషి కన్నా బరువున్నది, దానిగ్గూడ ఇరవై ఇయ్యాలె," అన్నాడు ఆటో అతను. ఇచ్చాను. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక స్పేర్ పార్టుల దుకాణంలో విజయవాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఆయన రెండు రకాలు చూపించాడు. ఒకటి పోత ఇనుము, రెండోది సుత్తిదెబ్బలకు సాగిన ఫోర్జింగ్ ఉక్కు. ధర దాదాపు రెట్టింపు.

"మీది హైవే బండి, ఫోర్జింగే తీసుకోండి. కానీ పాతదెందుకు విరిగిందో తెలీకుండా కొత్తదేస్తే అదీ విరుగుద్దండి. పక్క సందులో లేత్ మిషన్ యాదగిరి గారుంటారు, చూపించి రండి," అన్నాడు.

యాదగిరి అరవై దాటిన మనిషి. ముక్కను తిరుగుతున్న సానరాయికి ఆనించాడు. నిప్పురవ్వలు తెల్లగా, పొడుగ్గా లేచాయి. "పోత గాదిది. మంచి ఉక్కే," అన్నాడు. విరిగిన ముఖం నా వైపు తిప్పాడు. సగం నున్నగా నల్లబడి ఉంది, సగం గరుకుగా ఉంది.

"గీ నున్నటిది శానా రోజుల సంది పగులుతున్నది. గరుకుది ఒక్కపారే ఇరిగింది."

"డ్రైవర్ ఆయిల్ లేకుండా తోలాడు కదా," అన్నాను.

"ఆయిల్ లేకుంటే పక్కన గీ బేరింగ్ తిరిగే జాగ మాడి నీలంగయ్యేది. అద్దం లెక్కున్నది సూడు. మధ్యల ఎవరన్న గ్రైండింగ్ జేయించిన్రా? గీ మూల గుండ్రంగ ఉండాలె. గోరు పెట్టు, కత్తి లెక్కున్నది. పగులు గీడనే మొదలైంది. గిది గుండ్రంగ రావాలంటే ముందుగాల సానరాయి అంచును గుండ్రంగ చెక్కాలె, దానికి టైం పడ్తది. ఎవలో ఆగలే."

ఆగనిది నేనే. రెండేళ్ల క్రితం అరిగిన ఈ క్రాంకునే సానబట్టిస్తూ గ్రైండింగ్ మిషన్ పక్కనే నిలబడి, తెల్లారితే తిరుపతి ట్రిప్పు ఉందని ఆ పనివాణ్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. రాయి చెక్కుకోవాలి, ఇంకో గంట ఆగమని అతను అన్నాడు కూడా. అవసరం లేదు కానియ్యి అన్నాను.

ఫోర్జింగ్ క్రాంకుకు ఆర్డరిచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకు బస్సెక్కి హయత్‌నగర్ పోయాను. స్టాండులో ఆ రోజు నా మాటలు విన్నవాళ్లలో ఇద్దరే ఉన్నారు. తప్పు నాదని చెప్పాను. అందులో పెద్దాయన బీడీ పారేసి, "సైదులు బండి తోలుడు బంజేసిండు. ఇంజిన్ కరాబ్ జేస్తడని ఎవ్వలు తాళం ఇయ్యలే. గిప్పుడు మార్కెట్ల మూటలు మోస్తుండు," అన్నాడు.

అక్కడి నుంచే సైదులుకి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. అంతా విన్నాడు. ఎప్పుడూ అన్నా అని పిలిచేవాడు. "సరే సార్, పనిల ఉన్న," అని పెట్టేశాడు.

మంచి ఉక్కు కొనడానికి పోయి, అది మొదటి నుంచీ నా దగ్గరే ఉందని తెలుసుకుని వచ్చాను. దాన్ని పాడుచేసింది నా తొందర, దాని ఫలితం మోస్తున్నది సైదులు. కొత్త క్రాంకు నాలుగు రోజుల్లో వస్తుంది. సైదులు వస్తాడని నాకు నమ్మకం లేదు. మీ బండి క్రాంకు విరిగితే ముక్కలు తుడవకుండా, అమ్మేయకుండా ముందు లేత్ మనిషికి చూపించండి. డ్రైవర్‌ని ఏమన్నా అనాలనుకుంటే ఆ తర్వాత అనండి.