అత్త చెవి పెట్టి విన్న డిస్కు

మా మేనత్త పోయింది. పోయిన శనివారం పొద్దున్నే డయాలసిస్‌కి తీసుకెళ్దామని ఆటో పిలిచి లేపబోతే, ఇక లేవలేదు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానంలో ఇలాంటి కబురు కొత్తేం కాదు. అయినా మనింటి దాకా వస్తేగాని తెలియదు.

తల్లి లేని నన్ను పెంచింది ఆవిడే. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టీ, పప్పు ఏరీ బతికింది. జీడి రసానికి వేళ్లు నల్లబడిపోయి ఆధార్ మిషన్ మీద వేలిముద్ర సరిగ్గా పడేది కాదు. కానీ గుండు పప్పేదో బద్దేదో ఆ వేళ్లకి చూడకుండానే తెలిసేది. పిక్కని చెవి దగ్గర ఊపి, "ఇది గుల్ల" అని పక్కన పడేసేది.

ఆమధ్య నాకు క్రిప్టో పిచ్చి పట్టింది. హార్డ్ డిస్కుల నిండా అంకెల ఫైళ్లు నింపి ఇంట్లో పెట్టుకోవాలి. నెట్‌వర్క్ అడిగిన అంకె మన దగ్గరుంటే నాణెం మనది. ఎంత చోటుంటే అంత ఆశ. దీన్ని ఫార్మింగ్ అంటారు. చెబితే అత్త పగలబడి నవ్వింది.

"పొలం నేదు, వాన నేదు. ఇదేటి సేద్యంరా అల్లుడా?"

విశాఖ నుంచి ఎనిమిది పాత డిస్కులు తెచ్చాను. వాటి ఆరోగ్యం చూసే ప్రోగ్రాం అన్నిటికీ పచ్చరంగే చూపించింది. అత్త ఒకటి తీసి చెవి దగ్గర ఊపబోయింది. "అమ్మో, ఊపకత్తా!" అని అరిచాను. అప్పుడు, తిరుగుతున్న వాటి మీదికి వంగి ఒక్కొక్కటే వింది. నాలుగోదాని దగ్గర ఆగింది.

"ఇది దగ్గుతంది. తీసీ."

నవ్వి ఊరుకున్నాను. నెల తిరక్కుండా అది టకటకా కొట్టుకుని చచ్చింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ తర్వాత ఆవిడ వినకుండా ఏ డిస్కునీ వాడలేదు. "మెరుపు సూసి తియ్యకు, లోపల గింజ సూడు" అనేది.

ఎండాకాలం తన మంచం పక్క టేబుల్ ఫ్యాను డిస్కులవైపు తిప్పేసేది. అప్పటికే కాళ్లు వాచి ఉన్నాయి. నేను కోప్పడితే, "నాకు సెమట పడితే తుడుసుకుంతాను. అవేటి సేత్తాయి?" అంది.

ఒకసారి చోటు చాల్లేదు. ఇంట్లో ఫోటోలు దాచుకున్న డిస్కొకటి ఉండేది. అత్త దాని మీద కూడా చెవి పెట్టింది. "ఇది గట్టి పిక్క. దీన్ని నింపు" అంది.

"ఇందులో నీ ఫోటోలున్నాయి. నువ్వు పాడిన పెళ్లిపాట వీడియో కూడా ఇందులోనే ఉందత్తా. ఇంకెక్కడా లేవు."

"నాను ఎదురుగానే ఉన్నాను కదేటి? సెరిపీ. కావాలంతే మళ్లీ పాడతాను."

చెరిపేశాను. కనీసం ఫోన్లోకైనా ఎక్కించుకోలేదు, వెధవ బద్ధకం. తర్వాత ఫోటో తీస్తానంటే, మొహం ఉబ్బి ఉందని కొంగు అడ్డం పెట్టుకునేది. "బాగయ్యాక తియ్యి" అనేది. పాట అడగడానికి నాకు తీరికే దొరకలేదు.

దండ వెయ్యడానికి ఫోటో వెతికితే ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప ఏమీ దొరకలేదు. దాన్నే పెద్దది చేయించాం. అందులో ఆవిడ ఎవరో భయపడిన మనిషిలా ఉంది. డేటా వెనక్కి తీసే కుర్రాడికి ఫోన్ చేసి అడిగాను. ఆ ఫోటోల డిస్కు మీద నిండుగా అంకెలు రాసేశాక ఇంకేమీ మిగలదన్నాడు.

మిగతా డిస్కులన్నీ ఆపేశాను. ఆ ఒక్కటీ ఆపలేకపోతున్నాను. నిన్న మధ్యాహ్నం అత్త మంచం మీద కూర్చుని, ఫ్యాను దానివైపు తిప్పి, ఆవిడలాగే వంగి చెవి పెట్టాను. అత్త ఎంపిక తప్పలేదు. సన్నగా, సమంగా తిరుగుతోంది. ఒక్క దగ్గు కూడా లేదు.