పడవ మీద కూతురి పేరు

ఎల్లారావు ఒంటిచేత్తో మొదలుపెట్టి ముగించిన మొదటి పడవ అర్జునరావుది. పడవ నీళ్లలోకి దిగేనాడు చేసిన వడ్రంగికి యజమాని కొత్తబట్టలు పెట్టి దండ వెయ్యడం విశాఖ రేవులో ఆనవాయితీ. అర్జునరావు అక్కడితో ఆగలేదు. "నీ కూతురి పేరే పెట్టు బావ," అన్నాడు. రంగుతో రాస్తే ఉప్పునీళ్లు తినేస్తాయని, ఎల్లారావు ముందుచెక్క మీద 'సుధారాణి' అని ఉలితో లోతుగా చెక్కాడు.

ఆ సుధారాణికి 2009లో ఇంజినీరింగ్ సీటొచ్చింది. ఫీజు ప్రభుత్వం కట్టాలంటే తండ్రి ఆదాయం సర్టిఫికెట్ కావాలి. విచారణకొచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ కళ్లు గోడమీది ఫొటో మీద పడ్డాయి. అందులో పడవ, దాని మీద పిల్ల పేరు, పక్కనే మెడలో దండతో ఎల్లారావు.

"మరబోటు పెట్టుకుని కూలివాణ్నంటావేంటయ్యా?"

"నాది కాదు బాబూ. నాను సేసిందంతే."

"తన బోటుకి ఇంకొకడి పిల్ల పేరు ఎవడు పెడతాడు? ఓనర్ని చూపించు. సోమవారం రేవుకే వస్తా."

ఎల్లారావు నేరుగా అర్జునరావు దగ్గరికి వెళ్లాడు. సంగతి విని అర్జునరావు తల దించుకున్నాడు.

"నాను రాలేను బావ."

"ఏటి? ఒక్క మాట సెప్తే నోరు పడిపోద్దా?"

"మా వోడూ అదే ఫీజుకి పెట్టాడు. ఆడి కాగితాల్లో నాను ఒకళ్ల బోట్లో కూలికెళ్లే కళాసీని. బోటు నాదంటే ఆడి సదువు పోద్ది."

ఇంట్లో భార్య చిట్టమ్మ విని, "బోటున్నోడు కళాసీ, ఉలి ఉన్నోడు ఓనరూనా! బాగుంది ఏపారం," అంది. నవ్వబోయి, పిల్ల మొహం చూసి ఊరుకుంది.

పేరుని పుట్టీతో పూడ్చేద్దామన్నది అర్జునరావే. పుట్టీ కింద తడి నిలిచి చెక్క చీకిపోతుందని ఎల్లారావుకి తెలుసు. ఎవరైనా అలా చేస్తే తిట్టే మనిషి, ఆదివారం తనే కూచుని ఒక్కొక్క అక్షరం పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు వేశాడు.

సోమవారం ఇన్‌స్పెక్టర్ పడవల మీది పేర్లన్నీ చదువుకుంటూ వచ్చాడు. "ఫొటోలో బోటేదీ?"

"కాకినాడోళ్లకి అమ్మేసారు బాబూ," అన్నాడు ఎల్లారావు, ఆ పడవకే ఆనుకుని.

సర్టిఫికెట్ వచ్చింది. కానీ ఎండకి పుట్టీ బీటలిచ్చి అక్షరాలు మళ్లీ తేలాయి. ఫీజు ఏటేటా రెన్యువల్ కావాలి, అంటే మళ్లీ విచారణకి రావచ్చు. ఒకప్పుడు పడవ వేట నుంచి వస్తే చేపలెన్ని పడ్డాయని అడిగే ఎల్లారావు, ఇప్పుడు ముందుచెక్క వంకే చూసేవాడు. కూతురి పేరు కనబడితే గబగబా గోనెపట్టా కప్పేవాడు. చదువు సాగినన్నాళ్లూ ప్రతి ఏడూ పూడుస్తూనే వచ్చాడు.

ఆఖరి పరీక్షలయ్యాక ఉలి పట్టుకుని పుట్టీ తవ్వబోయాడు. పుట్టీతోపాటు నల్లగా నానిన చెక్క ముద్దముద్దలుగా ఊడివచ్చింది. ఆ చెక్క మొత్తం కోసేసి కొత్తది బిగించాడు. అతుకెక్కడుందో వేలికి తెలియలేదు.

అన్నం క్యారేజీ తెచ్చిన సుధారాణి కొత్తచెక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"పేరు సెక్కవా నాన్నా?"

"ఈ సెక్క పచ్చిదమ్మా. ఇప్పుడు ఉలెడితే పగిలిపోద్ది."

ఆ చెక్క ఏడాదిగా షెడ్డులో ఆరినదే. చెక్క గురించి ఎల్లారావు అబద్ధమాడటం అదే మొదలు.