జాజు అంటిన అడుగులు

ఒక్క బకీటు పెండనీళ్ళతో ఆరుగురు పోలీసులను మా ఇంటి కడప కాడనే ఆపినోణ్ని నేను. మొదటిసారి తెలంగాణ ఉద్యమం లేచిన నాటి ముచ్చట. ఎవరడిగినా గిట్లనే చెప్పుకుంట వచ్చిన. ఇప్పుడు జర తగ్గించి చెప్త. వాళ్ళు ఆరుగురు కాదు, ఇద్దరు. బకీటు పట్టుకున్నది మా వదిన. నేను సగం ఖాళీ అయిన వడ్ల గుమ్మిల ముడుసుకొని కూసున్న.

అలికిన నేలకు ఎర్రగ అంచు దిద్దే జాజు ఉంటది చూడు, వదిన ముంతల దాచుకున్నది, దాన్ని చెప్పకుండ ఎత్తుకపోయిన. స్టేషన్ గోడ పొడుగూత తెలంగాణ కావాలని రాసిన. డోర్నకల్ దిక్కు పోయే రైళ్ళన్నీ ఆగి మరీ నా రాత సదివినయని చెప్పేటోణ్ని. ఏ రైలూ ఆగలే. తెల్లారేటాళ్ళకు బూట్ల సప్పుడు వినవడ్డది, ఉరికిన. ఉరుకుట్ల ముంత ఒలికి రెండు పాదాలూ ఎర్రగైనయి. ఇంట్ల వదిన అప్పుడే అర్ర అలికి చేతులు కడుక్కుంటున్నది. ఆ తడి మీదికెల్లే పోయి గుమ్మిల దూకిన.

కొంచెం సేపటికి వాకిట్ల వదిన గొంతు. "తడి ఆరలే సారూ. తొక్కిన్రంటే మల్ల మీతోనే అలికిస్త." ఒకాయన నవ్విండు. ఎవ్వరూ లోపలికి రాలే. వడ్ల దుమ్ముకు తుమ్ము రాకుండ ముక్కు పట్టుకున్న. గంతల్నే మా అన్న గొంతు వినవడ్డది. "రాసింది నేనే. నడువుండ్రి."

ఠాణాకు తీస్కపోయే తోవల అన్న జీపుల నుంచి దూకిండట. కుడికాలు విరిగింది. ఎముక సక్కగ అతకలే. ఆ కాలు ఈడ్చుకుంటనే ఒక జిందగీ గడిపిండు. అర్రల నుంచి వాకిట్లకు ఆయన నడిస్తే ఒక అడుగు, ఒక ఈడ్పు, ఒక అడుగు, ఒక ఈడ్పు. ఆ సప్పుడు వింటనే అన్నం తిన్న, ఆ సప్పుడు వింటనే లగ్గం చేసుకున్న. నా ఎర్రటి అడుగులు పోలీసుల కండ్ల వడ్డయని, నన్ను తప్పించెటందుకే అన్న తన మీద వేసుకున్నడని నా నమ్మకం. అడుగుదమనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పని యాదికొచ్చేది. అడగకముందే ఆయన పోయిండు.

ఆయన పోయిన పదేండ్లకు, రెండోసారి ఉద్యమం లేచిన ఏడు, చెల్పూర్‌ల కొలువు చేసే నా కొడుకు ఇల్లంతా టైల్సు పరిపిస్తనన్నడు. నేను ఆ గుమ్మి ఉన్న అర్ర ఒక్కటి మాత్రం ముట్టనియ్యలే. పుట్టమన్ను, మొరం, వరిపొట్టు కలిపి నానబెట్టి దిమ్మిసతో కొట్టిన నేల అది. పగులు వడితే అదే మన్ను మెదిపి పూస్తే సరిపాయె. వారానికోపారి పెండతో అలికితే ఎండకాలం సల్లగుంటది, పాతదైతే తవ్వి చేన్ల పోసినా భూమికి చెడుపు లేదు. ఇదంతా టైల్సు మేస్త్రిని కూసోబెట్టి చెప్పిన. పాపం, రెండు చాయలు తాగి తలకాయ ఊపిండు.

"అలికేది నువ్వా బాపూ? పెద్దమ్మ మోకాళ్ళు సూసినవా?" అన్నడు కొడుకు.

నేను చెప్పినయి అబద్ధాలు కావు. కాని నా కారణం అది కాదు. వదిన అలికినంక నేల ఒకే తీరు ఆరదు. మచ్చలు మచ్చలుగ ఆరుతది. కడప మీద కూసుని సూస్తుంటే ఒక పాదం తేలుతది, దాని పక్కన పొడుగ్గ ఒక గీత. అడుగు, ఈడ్పు. ఆ గీత వదిన అలుకుగుడ్డ లాగిన జాడ అని నాకు తెలువదా? తెలుసు. అయినా ఆ తడి ఆరేదాక ఎన్నడూ లోపల కాలు పెట్టలే.

టైల్సు లారీ రాస్తారోకోల చిక్కి నాలుగు దినాలు రాలే. నాలుగో నాడు వదిన అలుకుతుంటే నడుమ ఆగి, గోడ పట్టుకొని లేవబోయి లేవలేకపోయింది. పోయి లేపిన. లేపుకుంటనే, ఎందుకో, అంతా చెప్పేసిన. ఎర్ర అడుగులు, గుమ్మి, ఇన్నేండ్లు ఈ మట్టినేల ఎందుకు ఉంచిన్నో గది గూడ.

వదిన ఊపిరి తీసుకొని నా మొకం దిక్కు సూసింది.

"ఏ అడుగులయ్యా? నువ్వు గుమ్మిల దూకంగనే వాటి మీద అలికేసిన. పోలీసోళ్ళకు ఒక్కటి గూడ కనవడలే. వాళ్ళొచ్చింది ఊరి కచ్చీరు గోడ మీది రాత కోసం. అది రాసింది మీ అన్న. ముందు రోజే నన్ను అడిగి సగం జాజు తీస్కపోయిండు. నీ స్టేషన్ గోడ రాత ఎవ్వడూ సదవలే, వానకు కొట్టుకపోయింది. ఆయన కాలు గూడ నీ ఖాతల్నే రాసుకున్నవా? ఇగ ఆ లారీ రానీ, ఈ అర్రకు గూడ బండలు పరిపియ్యి."