కాలు లేచింది, దెబ్బ పడలేదు

1978లో మస్కట్ దగ్గర రువీలో, ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో సెక్యూరిటీ గార్డులకు కరాటే నేర్పేవాణ్ణి. నాకు గురువు లేడు, బెల్టు లేదు. విశాఖ హార్బరులో పనిచేసిన రోజుల్లో పాత పుస్తకాలు చూసి, ఇసుక బస్తా మీద కొట్టి నేర్చుకున్నదే నా చదువు. క్యాంపులో మలయాళం, ఉర్దూ, అరబ్బీ వినిపించేవి. తెలుగు మాట్లాడాలంటే ఒక్క రాజన్నే.

రాజన్నది జగిత్యాల వైపు. స్లాబుల మీద ఇనుప కంబి కట్టేవాడు. తన ఊరివాడొకడు కళ్లముందే పైనుంచి పడి చనిపోయాక, ఎత్తు ఎక్కితే రాజన్న కాళ్లు వణికేవి. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంతలో దూరాన ఉన్న సోహార్ సైట్‌కి గార్డులు కావాలని కంపెనీ టెస్టు పెట్టింది. వేలాడే ఇసుక బస్తాను ఒక్క గుద్దుతో గోడ మీది తెల్ల గీత దాకా ఊపాలి.

"గేటు కాడ డ్యూటీ అంటే కింద నిలబడుడే గద సారూ. నాకు గదొక్కటి వచ్చేటట్టు చెయ్యుండ్రి," అన్నాడు.

టెస్టుకి అందరినీ తయారుచేసేది నా పైనున్న చీఫ్ ఇన్‌స్ట్రక్టర్. ఆయన గది గోడ నిండా సర్టిఫికెట్లు. ఆయన ఎవరికైనా చేయించేది స్ప్లిట్, అంటే రెండు కాళ్లూ చెరోపక్కకి చాపి నేలకు ఆనించి కూర్చోవడం. ఒళ్లు ఎంత సాగితే దెబ్బ అంత గట్టిగా పడుతుందని ఆయన సిద్ధాంతం.

కొన్నాళ్లు ఆ స్ప్లిట్లు చేశాక రాజన్న నా దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడు ఎగిరే కాకిని గూడ తంత సారూ. గని బస్తానే కదుల్తలేదు."

సైట్‌కి వెళ్లి అతను పని చేస్తుంటే చూశాను. రోజంతా గొంతుక్కూర్చుని కంబి కట్టేవాడి తుంటి కీళ్లు ఎప్పుడో తెరుచుకుని ఉన్నాయి. బిగుసుకుపోయింది వీపు. వంగి వంగి భుజాల మధ్య పలకలా అయింది. గుద్దులో బలం మడమ నుంచి తుంటికి, అక్కణ్ణుంచి వీపు మెలితిరిగి చేతికి రావాలి. తన్నుకైతే చీఫ్ చెప్పింది పనికొస్తుంది. గుద్దుకి, వీపు తిరగనివాడి కాళ్లు సాగదీస్తే ఏమొస్తుంది? ఆ మాటే చీఫ్‌ని అడిగాను.

"పెహలే అప్నా బెల్ట్ దిఖావో, మాస్టర్," అని నవ్వాడు, ముందు నీ బెల్టు చూపించమని. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రాజన్నతో స్ప్లిట్ మానిపించాను. కర్ర భుజాల మీద అడ్డంగా పెట్టుకుని మొండెం తిప్పమన్నాను.

"ఎడ్లకు కాడి కట్టినట్టే ఉన్నది సారూ."

"గేటు కావాలా, మాటలు కావాలా? తిప్పు."

టెస్టు రోజు చీఫ్ అందరినీ పిలుపు వచ్చేదాకా స్ప్లిట్‌లో కూర్చోమన్నాడు. రాజన్నది చివరి పేరు. చాలాసేపు సాగదీసి ఉంచిన కండ, వెంటనే కొట్టమంటే బద్ధకిస్తుంది. ఆ సాగదీత ఏదో కొట్టడం అయ్యాక చేసుకోవాలి. నేను నోరు తెరిచేలోపే రాజన్న లేచాడు. "సాబ్, సబ్‌కో పానీ పిలాతా," అంటూ నీళ్ల డబ్బా ఎత్తుకున్నాడు. ఆ ఎండలో కాదనడానికి చీఫ్‌కి నోరు రాలేదు. వరసల మధ్య అటూ ఇటూ తిరుగుతూ అందరికీ నీళ్లు పోశాడు. పేరు పిలిచేసరికి ఒళ్లు వేడెక్కి ఉంది. కొట్టాడు. బస్తా గీత దాటింది. చీఫ్ పాస్ చేశాడు.

మర్నాడే సోహార్ ప్రయాణం. "మీరు గూడ రారాదుండ్రి సారూ," అన్నాడు లారీలోంచి.

"నా డ్యూటీ ఇక్కడ కదయ్యా," అన్నాను.

ఆ తర్వాత ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా, ముందు వాళ్లు పొద్దంతా చేసే పనేమిటో అడిగాను. డ్రైవరుకి ఒకచోట బిగుసుకుంటుంది, వంటవాడికి మరోచోట. అందరి ఒంటినీ ఒకేలా సాగదీయించడం నేర్పడం కాదు. రాజన్న దగ్గర నేను తెలుసుకున్నది ఇదే. అడగడమూ చెప్పడమూ అంతా హిందీలోనే. వాళ్లూ బాగానే నేర్చుకున్నారు. మస్కట్‌లో ఉన్నన్నాళ్లూ మళ్లీ ఎవరితోనూ తెలుగు మాట్లాడే పని పడలేదు.