రాజేశన్న ఎంచిపెట్టిన సీటు

వేడి తువ్వాలు చేతిలో పడగానే నిమ్మకాయ వాసన వచ్చింది. హైదరాబాదులో విమానం ఇంకా కదలలేదు. ముందు భాగంలోని పెద్ద సీట్లలో మేం నలుగురం కూర్చున్నాం. నేను, నా భార్య సరిత, ఎనిమిదేళ్ల మా పాప మిన్ను, నా పక్క సీటులో సుగుణ వదిన. ఎయిర్‌హోస్టెస్ తువ్వాళ్లను గుండ్రంగా చుట్టి పళ్లెంలో పేర్చుకుని వచ్చి ఒక్కొక్కరికీ పటకారుతో అందించింది. దాన్ని ఏం చేయాలో తెలియక వదిన నా ముఖం చూసింది. "మొకం తుడ్సుకో వదినా" అన్నాను. నేను మాత్రం తుడుచుకోలేకపోయాను. ఆ వాసన నాకు బాగా తెలుసు, ఆ వేడే తెలియదు. దుబాయిలో విమానాలు ఊడ్చి తుడిచే పనిలో ఉన్నప్పుడు ఈ తువ్వాళ్లు సీట్ల సందుల్లో నలిగి, చల్లబడి, తడి ఆరక దొరికేవి. వాటిని ఏరి సంచిలో వేయడం నా మొదటి పని. ఆ పని నేర్పినవాడు రాజేశన్న. సుగుణ వదిన ఆయన భార్య. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

రాజేశన్నది చొప్పదండి దగ్గర ఒక పల్లె. నాది మందమర్రి. మా బాపు బొగ్గుబాయిలో దిగి మమ్మల్ని చదివించాడు. డిగ్రీ చేతబట్టుకుని, ఏజెంటు మాట నమ్మి, ఆఫీసు ఉద్యోగమే అనుకుని విమానం దిగినవాణ్ని నేను. దిగిన మర్నాడే నాకొక నీలిరంగు అంగీ ఇచ్చి, ఖాళీ విమానంలోకి ఎక్కించి, చేతికి పొరక ఇచ్చారు. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు గానీ, మా గుంపుకు పెద్దగా ఉన్న రాజేశన్న చూసి నవ్వాడు. "ఆఫీసంటే నాలుగు గోడలే గదరా. గిది సూడు, ఎంత పెద్దగుందో. ఫికర్ చేయకు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ నవ్వు నన్ను ఎగతాళి చేయడానికి కాదని తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. మా గుంపులో అందరికీ ఆయన ఏదో ఒక పేరు పెట్టేవాడు. డిగ్రీ చదివానని నన్ను 'పంతులు' అనేవాడు.

మా పనికి తీరిక ఉండదు. ఒక ఊరి నుంచి వచ్చిన మనుషులు దిగీదిగగానే మేం ఎక్కాలి, మరో ఊరికి వెళ్లేవాళ్లు ఎక్కేలోగా దిగాలి. మొదటి వారంలోనే ఒకరోజు నా కాళ్లు నావి కాకుండా పోయాయి. ముందు భాగంలో, గదుల్లాంటి ఆ పెద్ద సీట్లలో ఒకదానిలో కూలబడ్డాను. రాజేశన్న వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "లే పంతులూ" అన్నాడు. "ఎవ్వలు సూస్తలేరు గదన్నా" అన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "ఎవ్వల కోసమో కాదురా. ఒక్కసారి గీండ్ల కూసుంటివా, రేపు పొద్దుగాల దీన్ని తుడువబుద్ధి కాదు. నాకెందుకు లేదు, నాకెందుకు లేదు అనుకుంటనే సచ్చిపోతవ్. లే." నేను లేచాను. ఆ మాట అప్పుడు నాకు నచ్చలేదు, ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. ఎందుకు లేదని అడగడం తప్పెలా అవుతుంది? కానీ ఆ మనిషి అంతమంది మధ్య, అంత చాకిరిలో, నవ్వు పోగొట్టుకోకుండా ఎలా బతికాడో ఆ మాటలోనే ఉంది.

ఆయన మాత్రం ఒక పని చేసేవాడు. తుడవడం అయ్యాక ఆ పెద్ద సీటు మీట నొక్కి, అది మంచంలా చదునుగా పరుచుకోగానే, సరిగ్గా నడుము ఆనే చోట అరచెయ్యి పెట్టి అదిమి చూసేవాడు. అన్ని సీట్లూ అలాగే చూసేవాడు. కింద పడ్డ నలుసుల కోసం సీటు పరవడం పనిలో భాగమే గానీ, ఆ అదమడం పనిలో భాగం కాదు. ఒకరోజు అడిగాను. సిగ్గుపడ్డాడు. "మీ వదినెకు నడుము నొప్పిరా. చిన్నప్పటిసంది బీడీలు చేసుడే. చాట ఒళ్లె పెట్టుకొని వంగితే మళ్ల దీపాలు పెట్టే యాళ్లకే లేసుడు. గింత మెత్తటి దాని మీద ఒక్కసారి పండవెట్టి తీస్కరావాలె. కిటికి పక్కకు గా రెండో సీటు, గది మంచిగుంటది. ఎంచి పెట్టిన" అన్నాడు. మేమందరం ఆయన్ని ఏడిపించాం. ఇల్లు కట్టుకుంటానని, పొలం కొంటానని చెప్పేవాళ్ల మధ్య ఇదేం కోరికని నవ్వాం. ఆయన మాతో కలిసి నవ్వాడు, చెయ్యి మాత్రం సీటు మీది నుంచి తీయలేదు.

ఆయన ఇంటికి ఫోన్ చేసే తీరు కూడా వేరుగా ఉండేది. మేముండే పనివాళ్ల క్యాంపులో మేం ఫోన్ పట్టుకుంటే ఊరి సంగతులన్నీ అడిగేవాళ్లం. ఆయన రెండు ముక్కలు మాట్లాడి, "ఇగ నువ్వు పని చేస్కో, ఫోను పక్కకు పెట్టు" అనేవాడు. వదిన ఫోను చాట పక్కన పెట్టి బీడీలు చుట్టుకునేది. తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడు వింటూ ఆయన మంచం మీద కళ్లు మూసుకుని పడుకునేవాడు. నేను మొదట్లో మా అవ్వతో మాట్లాడుతూ ఏడ్చేవాణ్ని. ఒకసారి నా చేతిలోంచి ఫోను తీసుకుని, "మంచిగున్నడమ్మా, పడిశం పట్టింది, గంతే" అని చెప్పి పెట్టేశాడు. తర్వాత నాతో, "నువ్వు ఇక్కడ ఏడ్సి తిని పంటవు. ఆమెకు అక్కడ బువ్వ దిగది" అన్నాడు. నాకు బిడ్డ పుట్టాకే ఆ మాట బరువు తెలిసింది.

నేను ఈనాడు ఇలా ఉన్నానంటే ఆయన పోరు పడలేకే. విమానాశ్రయంలోనే ప్రయాణికుల సామాను చూసుకునే కంపెనీలో ఉద్యోగాలు పడ్డాయని ఎవరో చెబితే, ఆయన నా వెంటపడ్డాడు. నాకు ఇంగ్లీషు రాదని దాటేశాను. "నీ ఇంగ్లీషు వాళ్లకు అర్థమైతే సాలు, మెచ్చుకొనుడు అక్కర్లే. పొరక పట్టుడు నాకు తప్పది, నీకు తప్పుతది. జర పోయి అడుగురా" అన్నాడు. ఇంటర్వ్యూ రోజు నా వంతు సీట్లు కూడా తనే తుడిచాడు. ఉద్యోగం వచ్చి, కొత్త బట్టలు వేసుకుని విమానం దగ్గరికి వెళ్తే, చీపురు భుజాన పెట్టుకుని సిపాయిలా సలాం కొట్టాడు. అందరూ చూస్తున్నారని నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషం మా బాపు ముఖంలో కూడా నేను అంతగా చూడలేదు.

ఆ తర్వాతి ఎండాకాలంలో, స్నానానికి వెళ్లిన రాజేశన్న అక్కడే కుప్పకూలాడు. గుండె ఆగిందన్నారు. ఆయన్ని ఇంటికి చేర్చడానికి నేను వెంట వచ్చాను. ఆయన కింద పెట్టెలో, నేను పైన వెనక సీటులో. ఆ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పలేను. ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. పెట్టె తెరిచాక వదిన ఏడవలేదు. వంగి ఆయన ముఖం తుడిచి, చిక్కిపోయాడని మాత్రం అంది. ఏడ్చిందంతా మేమే.

కొన్ని నెలలకు నేను సెలవులో వస్తే, వేములవాడ వెళ్లాలి, తోడు రమ్మని వదిన అడిగింది. ఆయన ఇంటికి వస్తే అక్కడి రాజన్న దేవుడికి కోడెను కడతానని మొక్కుకుందట. ఆమె అక్క అడ్డుపడింది. "ఆయన పాణంతోని రాకపాయె, ఇగ మొక్కెక్కడిదే?" అంది. వదిన తల అడ్డంగా ఊపింది. "ఇంటికి రావాలె అని మొక్కిన అక్కా. వచ్చిండు. పాణంతోని అని అడుగుడు మర్సిపోయిన. గది దేవుని తప్పెట్లయితది?" నాకు ఆ దేవుడి మీద కోపం వచ్చింది. ఆమె మాత్రం కోడె పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిరిగింది. తిరిగొచ్చి కోడెను కట్టేసి, దాని మూపురం నిమిరి, చాలాసేపు అక్కడే నిలబడింది. తనను తాను దూషించుకోవడం తప్ప ఇంకెవరినీ ఒక్క మాట అనని మనిషిని నేను అక్కడ చూశాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రాజేశన్న ఎంచిపెట్టిన సీటు సంగతి చెప్పాను. ఎప్పటికైనా నిన్ను దాంట్లో పడుకోబెట్టి తీసుకెళ్తాను వదినా, అన్నను నేను తేలేకపోయాను, ఇదైనా చేయనీ అన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ, "ఇమానం పేరెత్తకు సీనూ" అంది.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో పైకి వచ్చాను, పెళ్లి చేసుకున్నాను, సరితను తీసుకెళ్లి అక్కడే కాపురం పెట్టాను. ఊరికి వచ్చినప్పుడల్లా వదినను అడిగేవాణ్ని. ఆమె నడుము ఏటేటా ఇంకాస్త వంగింది. లేచేటప్పుడు గోడ పట్టుకునేది. అయినా రానంటే రానంది. చివరికి కూతురు మౌనిక వల్ల ఒప్పుకుంది. మౌనికకు పెళ్లయి దుబాయిలోనే కాపురం, నెలలు నిండుతున్నాయి, పురిటికి ఇంటికి వచ్చే వీలు లేదు. తల్లి వెళ్లకపోతే బాలింతను చూసుకునేవాళ్లెవరు? "బిడ్డ కోసం వస్త" అంది వదిన. నాకు అంతే చాలు. అదే రకం పెద్ద విమానం చూసి, కిటికీ పక్కన రెండో సీటు ఆమె పేరు మీద తీసుకున్నాను. సరిత, మిన్ను, నేను ఆమెను తీసుకెళ్లడానికే వచ్చాం. నేను రాత్రుళ్లు నిద్రపోలేదంటే నమ్మండి, చిన్నపిల్లాడిలా అయిపోయాను.

విమానం పైకి లేచి నిలకడగా సాగాక, మిన్ను తన సీటు మీట నొక్కి మంచం చేసుకుంది. "పెద్దమ్మా, నీదీ పండబెట్టాల్నా?" అని దిగి వచ్చి వదిన మీటా నొక్కింది. సీటు మెల్లగా వెనక్కి వాలింది. వదిన మొదట భయపడి సీటు చేతులు పట్టుకుంది, తర్వాత నడుము ఆనించింది. "మెత్తగనే ఉన్నది" అంది. కళ్లు మూసుకుంది. ఇంకాస్త వాలితే చదునైపోతుంది. అన్నా, చూస్తున్నావా అనుకున్నాను.

అప్పుడే ఆమె కళ్లు తెరిచి అడిగింది. "మీ అన్నను గిసొంటి ఇమానంలనే తెచ్చినవా?"

"ఔ వదినా."

"పెట్టె ఏడ పెట్టిన్రు?"

అబద్ధం చెప్పొచ్చు. సామాను విమానం వేరే ఉంటుందని చెప్పినా ఆమె నమ్మేది. కానీ ఆమె నన్నే సూటిగా చూస్తోంది. "కింద వదినా. సామాన్లు పెట్టే కాడ" అన్నాను.

"కింద అంటే? గీ కాళ్ల కిందనా?"

నేను తల ఊపాను. వదిన మిన్ను చెయ్యి మీట మీది నుంచి మెల్లగా తీసింది. ఇది పైకి లేపమంది. సీటు లేచాక చెప్పులు విప్పి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక ఒడిలో పెట్టుకుంది. వంగి, నేల మీది తివాచీని వేళ్లతో తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. ఆ తర్వాత రెండు కాళ్లూ పైకి తీసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బీడీల చాట ముందు నలభై ఏళ్లు కూర్చున్నట్టే, అదే వంపుతో.

"వదినా, గది అన్న కోరిక. జరసేపన్న పండుకో" అన్నాను. నా గొంతు నాకే బతిమాలినట్టు వినిపించింది.

"ఎరుకే సీనూ. అందుకే ఇండ్ల కూసున్న" అంది. చెప్పులు గట్టిగా పట్టుకుంది. "మీ అన్న కిందికెల్లి ఒక్కడే వచ్చిండు. నేను గాయన మీదికెల్లి కాళ్లు జాపుకొని ఎట్ల పోత?"

దిగేదాకా ఆమె అలాగే కూర్చుంది. మధ్యమధ్య చెయ్యి వెనక్కి పెట్టి నడుము తనే అదుముకుంది. సరిత దిండు తెచ్చి వెనక పెట్టి, ముఖం అటు తిప్పుకుంది. నేను ఇచ్చిన మాట నిలబెట్టానా, పోగొట్టానా అని ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయన ఎంచిపెట్టిన సీటులోనే ఆమె వెళ్లింది. ఆయన కోరుకున్న సుఖం మాత్రం ఆమె తీసుకోలేదు, ఆయన కోసమే తీసుకోలేదు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ ప్రేమో కొలిచే శక్తి నాకు లేదు.

ఉద్యోగం వల్ల నేను తరచూ ఆ దారిన విమానం ఎక్కుతాను. ఒక్కోసారి ముందు సీటే దొరుకుతుంది. పక్కవాళ్లు సీట్లు పరుచుకుని నిద్రపోతారు. నేను బూట్లు విప్పి, కాళ్లు పైకి మడుచుకుని కూర్చుంటాను. ఒంట్లో బాగాలేదా అని ఎయిర్‌హోస్టెస్ అడుగుతుంది, అలవాటు అని చెబుతాను. మా జిల్లాల మనుషులు ఇంటికి ఎలా వస్తారో తెలిసినవాణ్ని. కింద పెట్టెలో ఎవరింటి మనిషి ఉన్నాడో నాకేం తెలుసు?