నేను కల్పించిన మరియమ్మ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. హోటళ్ళ పేర్ల కింద మెరిసే ఐదు నక్షత్రాల మీద అసలే లేదు. మొదటిది మా నాన్న నేర్పాడు, ఆయన సైన్సు టీచరు. రెండోది నా మొదటి ఉద్యోగం నేర్పింది.

చదువు అయిపోయాక కొండాపూర్‌లో ఒక కర్రీ పాయింట్ పైనున్న రెండు గదుల ఆఫీసులో చేరాను. ఇంట్లో సాఫ్ట్‌వేర్ అని చెప్పాను. చుట్టూ అన్ని అద్దాల బిల్డింగులు ఉన్నప్పుడు ఆ మధ్యలో ఏ పని చేసినా సాఫ్ట్‌వేరే కదా. నిజానికి మేం చేసేది, వెళ్ళని హోటళ్ళకు వెళ్ళొచ్చినట్టు రివ్యూలు రాయడం. కింద నుంచి గోంగూర పప్పు వాసన వస్తుంటే పైన నేను గోవా సముద్రపు గాలి గురించి రాసేదాన్ని.

మా మేనేజర్ ఒక సూత్రం పెట్టాడు. ప్రతి రివ్యూలో ఒక మనిషి ఉండాలి, ఒక రుచి ఉండాలి, ఒక చిన్న లోపం ఉండాలి. లోపం లేకపోతే ఎవరూ నమ్మరు. చంటిపిల్లకు దిష్టిచుక్క పెట్టినట్టు, ఎంత మంచి హోటల్‌కైనా బుగ్గన ఒక మచ్చ పెట్టాలి. ఈ మచ్చలు పెట్టడంలో నేను ఆరితేరాను.

ఎనిమిదేళ్ళ కిందట ఒక చిన్న హోటల్ పని వచ్చింది. పేరు చెప్పను. అది కూడా కొండాపూర్‌లోనే. అప్పటికి ఇంకా తెరవలేదు, లోపల రంగులు వేస్తున్నారు. ఓనరు నాలుగు ఫోటోలు పంపి, జిల్లాల నుంచి ఆస్పత్రులకు వచ్చేవాళ్ళు చదువుతారు కాబట్టి తెలుగులో రాయమన్నాడు. కొత్త అకౌంట్లు పట్టుబడుతున్నాయని ఆ వారం మా సొంత అకౌంట్ల నుంచే రాయించారు. నా అకౌంట్‌లో పేరు పొడి అక్షరాల్లో ఉండేది కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు.

నేను రాసింది ఇది: "అమ్మ వైద్యం కోసం వచ్చి మూడో అంతస్తులో నాలుగు రోజులు ఉన్నాం. కిటికీ గొళ్ళెం సరిగ్గా పడదు, కాలెండర్ కాగితం మడిచి పెట్టుకోవాల్సి వచ్చింది. కానీ మరియమ్మ అనే ఆవిడ పొద్దున్నే అల్లం టీ తెచ్చేది. నేను బయటికి వెళ్తే అమ్మకు వేళకు మందులు వేసేది. సొంత మనిషిలా చూసుకుంది."

మొదట రాసినప్పుడు ఇంకో వాక్యం ఉండేది. మరియమ్మది ఎడమచేతి వాటం అని. మా మేనేజర్ అది చదివి, ఎడమచెయ్యో కుడిచెయ్యో ఎవడిక్కావాలి తీసెయ్ అన్నాడు. తీసేశాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఏడాది తిరక్కుండానే ఆ ఆఫీసు మూతపడింది. నేను వేరే ఉద్యోగంలో చేరాను, పెళ్ళయింది, పాప పుట్టింది, హఫీజ్‌పేట్‌లో కాపురం పెట్టాం. మరియమ్మ సంగతి పూర్తిగా మర్చిపోయాను.

పోయిన వర్షాకాలంలో మా మేనత్త రూతమ్మకు కంటి శుక్లం ఆపరేషన్ కుదిరింది. అత్త కొత్తగూడెం దగ్గర సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే సెలవు పెట్టి వచ్చి, నా మంచం పక్కనే కూర్చుని నన్ను లేపి నిలబెట్టిన మనిషి. కొండాపూర్‌లో ఆపరేషన్, తర్వాత మా ఇంట్లో విశ్రాంతి అని అనుకున్నాం. ఆమెకు చేతులు సన్నగా వణుకుతాయి. కంట్లో చుక్కలు సొంతంగా వేసుకోలేదు, నేనే వేయాలి.

సరిగ్గా ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు పాప స్కూల్ నుంచి కళ్ళకలక తెచ్చింది. తెల్లారేసరికి నాకు, మధ్యాహ్నానికి మా ఆయనకు. ముగ్గురం ఎర్రటి కళ్ళతో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం.

అత్తకు ఫోన్ చేసి చెప్పాను. ఆపరేషన్ వాయిదా వేద్దామంటే వినలేదు. మళ్ళీ తారీఖు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. కళ్ళకలక ఉన్న ఇంటి గడప తొక్కనని కూడా ఖచ్చితంగా చెప్పేసింది. ఒక గంట తర్వాత ఆమే ఫోన్ చేసింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. ఆస్పత్రి పక్కనే హోటల్ చూసుకున్న. అందరూ బాగుంది బాగుంది అని రాసినోళ్ళే, నేను నమ్మలే. ఒక్కామె మాత్రం కిటికీ గొళ్ళెం పడదని రాసింది. లోపం చెప్పినామె అబద్ధం చెప్పదు. ఆడ మరియమ్మ అని ఒకామె ఉంటదంట, మందులు గూడ వేస్తదంట."

ఆ కిటికీ, ఆ గొళ్ళెం నేను రాసినవే.

అప్పుడే చెప్పాల్సింది. అత్తా, ఆ రాసింది నేనే, అక్కడ మరియమ్మ లేదు, చుక్కలు వేసే దిక్కు లేదు అని చెప్పాల్సింది. చెప్పలేదు. నన్ను లేపి నిలబెట్టిన మనిషి దగ్గర అబద్ధాలు రాసి బతికానని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. వేరే హోటల్ చూద్దామని మాత్రం రెండుసార్లు గొణిగాను. ఎందుకని అడిగితే మాట మార్చాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. తోడొచ్చిన పక్కింటావిడ ఆ సాయంత్రమే ఊరికి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఇంట్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గోడలు చూస్తూ, అత్త కంట్లో చీము పట్టినట్టు, చూపు పోయినట్టు ఊహించుకుంటూ గడిపాను. కన్ను పోతే దానికి కారణం నేనే. ఆ మాట మా ఆయనతో కూడా అనలేకపోయాను.

మర్నాడు ఆస్పత్రివాళ్ళు కట్టు తీశారు. చుక్కలు రెండు గంటలకోసారి వేయాలి. సాయంత్రం అత్త ఫోన్ చేసింది.

"మంచిగున్న. మరియమ్మ వేస్తున్నది. పొద్దున అల్లం చాయ్ గూడ ఇచ్చింది."

ఫోన్ పెట్టేశాను. తర్వాత సర్దిచెప్పుకున్నాను. మరియమ్మ అనే పేరు ఎంతమందికి లేదు? మా చర్చిలోనే నలుగురున్నారు. హోటల్‌లో పనికి కుదిరిన ఎవరో పుణ్యాత్మురాలి పేరు అనుకోకుండా కలిసి ఉంటుంది. అంతే అనుకున్నాను, దేవుడికి దండం పెట్టుకున్నాను, ఆ పూట కాస్త అన్నం తిన్నాను.

మా ముగ్గురి కళ్ళూ తేటబడి, డాక్టరు బయటికి వెళ్ళొచ్చని చెప్పాక, ఆపరేషన్ అయిన నాలుగోరోజు పొద్దున పదకొండింటికి ఆ హోటల్‌కు వెళ్ళాను. ఫోటోల్లో చూసిన మెట్లే, ఫోటోల్లో చూసిన ఆకుపచ్చ గోడలే. నేను రాసిన చోటికి నేను రావడం అదే మొదటిసారి. రిసెప్షన్‌లో ఉన్నాయనకు నా సంగతి చెప్పి, మరియమ్మగారిని ఒకసారి పిలవమన్నాను. ఆమె కోసం ఒక చీర కూడా కొని తెచ్చాను.

ఆయన నా చేతిలో సంచీ చూసి నిట్టూర్చాడు.

"మరియమ్మ అని మా దగ్గర ఎవ్వరూ లేరు మేడం. ఆడోళ్ళే లేరు, అందరం మగోళ్ళమే. ఆన్‌లైన్ల ఎవరో రాసిన్రంట. వచ్చేటోళ్ళు ఆమె ఉందా అని అడుగుతరు, లేదని చెప్త. పోయేటప్పుడు ఆమెకు థాంక్స్ చెప్పమని పోతరు. మొదట్ల పరేషాన్ అయిన. ఇగ ఇప్పుడు సరే అంటున్న."

హాజరు రిజిస్టరు తెరిచి చూపించాడు. ఆరు పేర్లు, అన్నీ మగవాళ్ళవే. టీ ఎవరు ఇస్తారని అడిగాను. హోటల్‌లో టీ లేదని, ఎదురు బండి మీద తాగాలని చెప్పాడు. కెమెరా రిసెప్షన్ దగ్గర ఒక్కటే ఉంది, పై అంతస్తుల్లో లేదు.

పైకి వెళ్ళాను. అత్త మంచం మీద కాళ్ళు చాపుకుని, నల్లద్దాలు పెట్టుకుని, రేడియోలో పాటలు వింటున్నట్టు ప్రశాంతంగా ఉంది. గది శుభ్రంగా ఉంది. కిటికీ సందులో కాలెండర్ కాగితం మడిచి పెట్టి ఉంది. కిటికీ సంగతి వదిలేద్దాం, హైదరాబాద్‌లో గొళ్ళెం సరిగ్గా పడే లాడ్జి కిటికీ ఎక్కడుంది గనుక. పైగా రివ్యూ చదివిన మనిషి ఆ కాగితం తనే పెట్టుకుని ఉండొచ్చు.

మరియమ్మ ఎలా ఉంటుందని మామూలుగా అడిగాను. అత్త నర్సు కదా, చీర రంగు చెప్పలేదు. గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, గోళ్ళ సందుల్లో కూడా సబ్బు పెట్టి కడుక్కుంటదని చెప్పింది. మాటలు తక్కువ, పని ఎక్కువ అంది. ఆ తర్వాత ఇంకో మాట అంది.

"ఎడమచేత్తోని వేస్తది బిడ్డా. అయినా ఒక్క చుక్క బయట పడదు."

ఆ వాక్యం ఏ రివ్యూలోనూ లేదు. నేను రాసి, తీసేసి, మర్చిపోయిన మాట అది. మా మేనేజర్‌కు, నాకు తప్ప తెలిసినవాళ్ళు లేరు.

ఇక దాచలేకపోయాను. మొత్తం చెప్పేశాను. కర్రీ పాయింట్ పైన ఆఫీసు, రంగులు ఆరని హోటల్, మనిషి, రుచి, లోపం, అంతా. చెబుతూ ఏడ్చాను కూడా. కిందాయన చెప్పింది కూడా చెప్పాను. అత్తా, మరియమ్మ అనే మనిషే లేదు అన్నాను.

అత్త అద్దాలు సర్దుకుంది.

"లేకుంటే నా కంట్ల మందు ఎవరు వేసిన్రు? నువ్వు వేసినవా?"

అప్పుడు ఆమె దిండు కింద నుంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. చుక్కల చార్టు. ముప్ఫై ఏళ్ళు వార్డులో పనిచేసిన అలవాటు, ఆపరేషన్‌కు ముందే గీతలు కొట్టి సిద్ధం చేసుకుంది. వేళ, మందు, వేసినవాళ్ళ సంతకం. ఎవరు వేస్తే వాళ్ళే సంతకం పెట్టాలి. మొదటి రెండు గళ్ళలో వణికిన అక్షరంతో "రూ" అని ఉంది. తనే వేసుకోబోయి దిండంతా తడిపానని చెప్పింది. ఆ తర్వాత వరసగా, ఒక్క వేళ తప్పకుండా, "మ" అని ఉంది. గుండ్రంగా, ఎడమవైపుకు కొంచెం వాలి, పలక మీద దిద్దినంత జాగ్రత్తగా.

అవి కూడా నువ్వే పెట్టుకున్నావా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"వెయ్యని మందుకు సంతకం పెడతనా నేను? ఏందే, నన్ను గట్లనే చూస్తున్నవా?"

ఆమె కోపం ఆ ప్రశ్న మీదే గానీ, దెబ్బ నా పాత పనికి తగిలింది. ఆమె వేయని మందుకు సంతకం పెట్టని మనిషి. నేను అడుగుపెట్టని హోటల్‌కు సంతకం పెట్టినదాన్ని. తల దించుకున్నాను. కాసేపటికి ఆమెకే జాలేసినట్టుంది. నా తల మీద చెయ్యి వేసి నవ్వింది.

"పోనీలే. మంచిదాన్ని రాసినవు, మంచిదే వచ్చింది. ఎవరన్న గయ్యాళిని రాసి ఉంటే ఈ పాటికి నా రెండు కళ్ళూ పొడిచి పోతుండె."

ఏడుస్తూనే నవ్వాను.

ఆ సాయంత్రం చెకప్‌కు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చూసి, కన్ను చాలా చక్కగా మానుతోంది, చుక్కలు ఎవరు వేశారో గానీ బాగా వేశారు అంది. అత్త నా వైపు చూసి గర్వంగా తల ఊపింది. నేను నేల చూపులు చూశాను. చీర తిరిగి ఇంటికి తీసుకెళ్ళాలనిపించలేదు. గదిలో కుర్చీ మీద పెట్టి అత్తను మా ఇంటికి తీసుకొచ్చేశాను. తర్వాత ఫోన్ చేసి అడిగితే, గది ఊడ్చేటప్పుడు అక్కడ చీర ఏమీ లేదని చెప్పారు. ఎవరో తీసుకుని ఉంటారు. లాడ్జిలో అది వింతేమీ కాదు.

నాకు తోచిన కారణాలన్నీ ఆలోచించాను. పక్క గదిలో దిగిన ఎవరైనా దయ తలచి వేశారేమో. వాళ్ళను పేరు అడిగితే నవ్వులాటకు మరియమ్మ అన్నారేమో. రిజిస్టర్‌లో రాయకుండా హోటల్‌వాళ్ళు ఎవరినైనా పనికి పెట్టుకున్నారేమో. అన్నిటికీ ఏదో ఒక సర్దుబాటు దొరుకుతుంది. ఆ ఎడమచెయ్యికి మాత్రం దొరకదు. చార్టు ఇప్పటికీ మా బీరువాలో అత్త రిపోర్టుల ఫైల్లో ఉంది.

రివ్యూలు నమ్మొచ్చా అని ఆఫీసులో ఎవరైనా అడిగితే, నమ్మొద్దనే చెబుతాను. ముఖ్యంగా బుగ్గన మచ్చ ఉన్నవాటిని నమ్మొద్దని చెబుతాను. చేసిన తప్పు దిద్దుకుందామని, పాత అకౌంట్ తెరిచి నేను రాసినవి ఒక్కొక్కటే తీసేశాను కూడా. గోవా పోయింది, ఊటీ పోయింది. మరియమ్మ దగ్గరికి వచ్చేసరికి, తొలగించమంటారా అని ఫోన్ అడిగింది. చాలాసేపు చూశాను. ఇది తీసేస్తే ఆమె ఎక్కడికి పోతుంది అనిపించింది. ఆమె మీద ఆధారపడి ఎవరో ఒక ముసలావిడ ఇప్పుడే బస్సెక్కి ఉంటుంది. ఫోన్ పక్కన పెట్టేశాను.

వచ్చే నెల అత్తకు రెండో కన్ను. ఈసారి మా ఇంట్లో ఎవరికీ కళ్ళకలక లేదు, అయినా అత్త ఆ హోటల్‌లో అదే గది బుక్ చేసింది. చేయి తిరిగిన మనిషి ఉండగా నీకెందుకు ఇస్త నా కన్ను అంది. సరే అన్నాను. సెలవు పెట్టి నేనూ ఆ గదిలో నాలుగు రోజులు ఉండబోతున్నాను. ఎనిమిదేళ్ళ కిందట ఉన్నానని రాసిన చోట, ఇప్పుడు నిజంగానే ఉంటాను.

కొత్త చార్టు నన్నే గీయమంది. నిన్న స్కేలు పెట్టి గీశాను. సంతకాల గడి కొంచెం వెడల్పుగా గీశాను. ఇద్దరం పట్టాలి కదా.