సిరిసిల్లను పైకెక్కించిన అఫ్రీన్

మా కోరుట్లలో పెళ్లిపత్రిక కాగితం మీద ఉండటం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడది ఫోన్‌లో కదులుతుంది. వినాయకుడు గిర్రున తిరగాలి, పూలు రాలాలి, చివర్లో మ్యాపు రావాలి. ఆ మ్యాపు మీద ఎర్ర బస్సు ఒకటి ఊళ్లు దాటుకుంటూ వచ్చి, ఫంక్షన్ హాల్ ముందు ఆగి, గాల్లోకి ఎగిరి దిగాలి. ఎగరకపోతే పెళ్లివాళ్లు ఒప్పుకోరు. బస్సు ఎందుకెగురుతుందని నేనొకసారి అడిగితే నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు.

ఆ బస్సును నడిపేది అఫ్రీన్. గడియారాలు బాగుచేసే బుర్హానుద్దీన్ గారి అమ్మాయి. నా ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. నిజం బస్సు ఆమెకు పడదు. పక్కనే ఉన్న మెట్‌పల్లి పోవాలన్నా వాంతికని చేతిలో కవరు పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటుంది. తెర మీద మాత్రం ఆమెను మించిన డ్రైవర్ లేడు. రోడ్డు పొడవునా చుక్కలు పెట్టి, చుక్కల్ని గీతతో కలిపి, ఆ గీత మీద బస్సును వదులుతుంది. మలుపు వచ్చిన చోట బస్సుతో పాటు తానూ కుర్చీలో పక్కకు వంగుతుంది. చూసేవాళ్లు పడిపోతుందేమోనని పట్టుకోబోతారు.

ఇన్నాళ్లూ వీడియో చివర "దేవదాస్ డిజిటల్స్" అని నా పేరే వచ్చేది. ఈమధ్య అఫ్రీన్ అడగటం మొదలుపెట్టింది.

"దేవదాసన్నా, మ్యాప్ నేను చేస్తున్న గదా. కింద చిన్నగ నా పేరు పెడ్త."

"పేరు పెడితె మాటలు గూడ నువ్వే పడాలె," అన్నాను.

"పడ్త."

సరే, ఒక్క పెళ్లికి పెట్టి చూద్దామన్నాను. ఎవరూ వంక పెట్టకపోతే ఇక ఎప్పటికీ ఆమె పేరు ఉంటుంది. గొడవైతే మళ్లీ ఆ ఊసెత్తకూడదు. ఆమె సంబరానికి అంతులేదు. వచ్చేది శ్రీనివాస్ రావు గారింటి పెళ్లని నాకేం తెలుసు!

శ్రీనివాస్ రావు గారు మా ఊరి పెద్దమనిషి. కొడుకు సాకేత్ రావుకు సిరిసిల్ల అమ్మాయి ఐశ్వర్యతో సంబంధం కుదిరింది. పెళ్లి ఎవరి ఊళ్లో చేయాలన్న వాదన ఎంతకీ తెగలేదు. చివరికి ఇద్దరిదీ కాదని జగిత్యాల పక్కన, ధర్మపురి రోడ్డులో కొత్తగా కట్టిన హాల్ మాట్లాడారు. అఫ్రీన్ మ్యాపు చేసింది. పైన జగిత్యాల, దానికి ఎడమవైపు కోరుట్ల, అడుగున సిరిసిల్ల. చూడముచ్చటగా ఉంది.

మర్నాడే పెళ్లికూతురి మేనమామ చంద్రమౌళి గారు సిరిసిల్ల నుంచి పనిగట్టుకుని వచ్చారు.

"గిదేంది బిడ్డా? కోరుట్ల నెత్తి మీద, మా సిరిసిల్ల కాళ్లకాడనా? పిల్లనిచ్చెటోళ్లమని అడుగున వెట్టిన్రా?"

"గట్ల కాదంకుల్, ఉత్తరం మీదికుంటది. మ్యాపులన్ని గట్లనే ఉంటయి."

"ఉత్తరం ఏమన్న మొగపిల్లగాని తరఫా?"

ఆయన అంతటితో ఆగక తెర మీద వేలు పెట్టి ఒక్కో ఊరినీ విచారించారు. వేములవాడలో చిన్నమ్మ ఉంది కాబట్టి ఆ ఊరు ఉండొచ్చు. ధర్మపురిలో చుట్టాలెవరూ లేరు.

"మనోళ్లు లేని ఊరు మన పెండ్లి మ్యాపుల ఎందుకు? తీసెయ్."

మా వైపు ఇది వింతేమీ కాదు. పెళ్లి మ్యాపులో ఊరు ఉందంటే అక్కడ చుట్టం ఉన్నట్టు. చుట్టం ఉన్న ఊరిని మరిచిపోతే ఆ చుట్టం పెళ్లికి రాడు. అలా ధర్మపురి పేరు ఎగిరిపోయింది.

ఇక సిరిసిల్లను పైకెక్కించాలి. అఫ్రీన్ ఒక బటన్ నొక్కింది, మ్యాపు తలకిందులైంది. పేర్లు కూడా తలకిందులైతే ఒక్కోదాన్నీ నిలబెట్టింది. సిరిసిల్ల నెత్తి మీదికి వచ్చింది, కోరుట్ల కిందికి పోయింది. ఇప్పుడు శ్రీనివాస్ రావు గారు అలుగుతారు కదా! ఆయన్ను బుజ్జగించటానికి కోరుట్ల మీద ఆయన మూడంతస్తుల ఇంటి బొమ్మను నిలబెట్టి, చుట్టూ తళతళలు పెట్టింది. ఇల్లు ఊరంత పెద్దగా వచ్చింది. ఆయన ముఖం కూడా అంతే వెలిగింది. ఎవరూ నొచ్చుకోని మ్యాపు తయారైంది. చివర్లో చిన్న అక్షరాలతో "మ్యాప్: అఫ్రీన్, కోరుట్ల" అని వచ్చింది. ఆ ఒక్క ముక్కనే ఆమె మళ్లీ మళ్లీ వేసుకుని చూసుకుంది.

పెళ్లి రోజు నేను కెమెరాతో, హాల్లో పెద్ద తెర మీద వీడియో వేయటానికి అఫ్రీన్ ల్యాప్‌టాప్‌తో ముందే చేరుకున్నాం. పెళ్లికొడుకు పీటల మీద కూర్చున్నాడు. సిరిసిల్ల బస్సు జాడ లేదు. దాని వెనకే రావాల్సిన పెళ్లికూతురి కారు జాడా లేదు. లగ్నం దాటిపోతోందని పంతులు గారు మైకులోనే సణుగుతున్నారు.

శ్రీనివాస్ రావు గారి ఫోన్ మోగింది. అవతల చంద్రమౌళి గారు. ఆ గొంతుకు స్పీకర్ అక్కర్లేదు.

"బావా, పిల్లను తీస్కోని మీ ఇంటికస్తె తాళమేస్కోని పోతరా? గిదేనా మర్యాద?"

"మా ఇంటికెందుకు వోయిన్రు?"

"హాల్ మార్చిన్రనుకున్నం. మ్యాపుల గట్లనే ఉన్నది!"

అఫ్రీన్ గబగబా ల్యాప్‌టాప్ తెరిచి చూసి తల పట్టుకుంది. మ్యాపును బల్ల మీద కాగితంలా గుండ్రంగా తిప్పి ఉంటే కుడి కుడిగానే ఉండేది. ఆమె నొక్కింది రొటేట్ కాదు, ఫ్లిప్. దాంతో నీళ్లలో నీడలాగా అంతా తారుమారైంది. సిరిసిల్ల నుంచి వచ్చేవాళ్లు జగిత్యాల చౌరస్తాలో కుడికి తిరగాల్సి ఉండగా, తెర మీది బస్సు ఎడమకు తిరిగింది. ఎడమకు తిరిగితే వచ్చేది కోరుట్ల. చౌరస్తాలో బోర్డు ఉంది కానీ దాని మీద ధర్మపురి అని ఉంది. చుట్టాలు లేని ఊరితో వాళ్లకేం పని? కోరుట్ల చేరేసరికి అచ్చం బొమ్మలో ఉన్నట్టే మూడంతస్తుల ఇల్లు కనిపించింది. ఇంకేం అనుమానం లేదని అందరూ దిగి అరుగు మీద కూర్చున్నారు.

అఫ్రీన్ ఫోన్ అందుకుంది. "అంకుల్, అచ్చిన తొవ్వనే మల్లండి. జగిత్యాల చౌరస్త కాడ ఎటు తిరుగకుండ సీదా రండి."

పక్కనుంచి బస్సు డ్రైవర్ గంగయ్య గొంతు వినిపించింది. "నోటిమాట నమ్మి నేను పోను. వీడియోల బస్సు ఎనుకకు మల్లలే."

"వీడియోనే తప్పయింది, అన్నా."

"వీడియో మంచిగనే ఉన్నది. జగిత్యాలనే తప్పు కట్టిన్రు. ఇంకో వీడియో పంపు, అప్పుడు మలుపుత."

బతిమాలినా లాభం లేకపోయింది. బస్సులోని పెద్దలంతా గంగయ్య వైపే. అఫ్రీన్ నేల మీద చతికిలబడింది. తెర మీది బస్సును కోరుట్లలో వెనక్కి మలిపి, జగిత్యాల మీదుగా సీదాగా హాల్ దాకా నడిపించింది. మార్చిన వీడియో మళ్లీ తయారవుతుంటే శాతం అంకె నత్తలా కదిలింది. పెళ్లికొడుకు పీటల మీంచి లేచొచ్చాడు. పంతులు గారొచ్చారు. వంటవాళ్లు గరిటెలతో వచ్చారు. అందరూ ఆమె వెనక చేరి ఆ అంకెకే దండం పెట్టుకున్నారు. తయారవగానే పంపింది. "చివర్ల ఎగురుతలేదేంది?" అని గంగయ్య అడిగాడు. దానికి చంద్రమౌళి గారు ఏమన్నారో ఇక్కడ రాయలేను. బస్సు మాత్రం కదిలింది.

లగ్నం ఇంకా కాస్త మిగిలుండగానే ఐశ్వర్య పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, పగలబడి నవ్వుతూ పరుగున వచ్చి పీటల మీద కూర్చుంది. తాళి పడింది. అఫ్రీన్ ఒక మూల పళ్లెం పట్టుకుని నిలబడింది కానీ మెతుకు మింగుడుపడటం లేదు. చంద్రమౌళి గారు నేరుగా ఆమె మీదికి వచ్చారు. నేను కెమెరా వెనక్కి తప్పుకున్నాను.

"తప్పు నాదే, అంకుల్," అందామె.

"ముందుగాల తిను. తిన్నంక తిడ్త."

అన్నట్టే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆమె పళ్లెంలో పప్పు మళ్లీ వడ్డించమన్నారు. ఆమె చేయి కడుక్కున్నాక గొంతు సవరించుకుని తిట్టటం మొదలుపెట్టారు. సిరిసిల్లవాళ్లు పోగయ్యారు, కోరుట్లవాళ్లు వంత పాడారు. సంబంధం కుదిరిన నాటి నుంచి రెండు వైపులవాళ్లూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.

చివరికి శ్రీనివాస్ రావు గారు నా వైపు తిరిగారు. "దేవదాస్, గా పిల్ల పేరు తీసెయ్యి. మా పెండ్లి వీడియోల ఉండొద్దు."

అన్ని తిట్లూ గుడ్లు మిటకరిస్తూ విన్న అఫ్రీన్‌కు ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మాట మాటే కదా, సరేనని తలూపబోయాను.

"తీసేస్తె ఎట్ల, బావా?" చంద్రమౌళి గారు గయ్యిమన్నారు. "రేపు మావోళ్లు అడుగుతె ఎవల పేరు చెప్పాలె? గంత పెద్ద బస్సును కోరుట్ల దాంక గుంజుకపోయిన పిల్ల! చిన్నగ పెట్టింది, కండ్లకే కానస్తలేదు. పెద్దగ పెట్టుమను. అందరికి తెల్వాలె."

ఆయన వేసింది శిక్షే. అఫ్రీన్ తల వంచుకుని "సరే అంకుల్" అంది. ఆ వంచిన ముఖంలో ఎంత సంతోషముందో నాకొక్కడికే తెలుసు. ఆమె అక్కడికక్కడే ల్యాప్‌టాప్ తెరిచి పేరును లాగటం మొదలుపెట్టింది. అది నా స్టూడియో పేరును దాటిపోయింది. నేను అడ్డుచెప్పబోయాను కానీ, చంద్రమౌళి గారు ఆమె భుజం వెనక నిలబడి తెర మీదికి వంగి, "ఇంకింత, బిడ్డా, ఇంకింత పెద్దగ," అంటున్నారు.